కాదన్న మార్కులు

“—నా చేతిరాత అసలు అలా ఉండదు! ‘తూరి’ అని రాసింది నేను కాదు, నా గదిలో ఉండేవాడు. అయినా రాసింది ఆరింటికి. నువ్వు వచ్చేసరికి ఏడు దాటింది.”

“రాశాడు సరే, ఆ రాసిన మహానుభావుడేడి? నీ పేరు కింద ఇంకో ముగ్గురి పేర్లున్నాయి. ఒక్కడొచ్చి నలుగురికి జాగా పట్టేస్తాడా? ఇదేమన్నా సముద్రపొడ్డు అనుకున్నారా, తువ్వాలు పరిచి వెళ్ళిపోవడానికి?”

ఫిజిక్స్ భవనం రెండో అంతస్తులో, మౌఖిక పరీక్ష జరిగే గది తలుపుకు అంటించిన కాగితం ముందు గొడవ. కాగితం మీద పద్దెనిమిది పేర్లున్నాయి. ప్రొఫెసర్ ఆ కాగితాన్ని ఏనాడూ చూడలేదు. ఆవిడ దగ్గర ఆఫీసు వాళ్ళిచ్చిన జాబితా వేరే ఉంటుంది. అయినా ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తేలేది తలుపు మీది కాగితంతోనే. తెల్లవారకముందే వచ్చి అంటించినవాడిదే మొదటి పేరు. ఆ లెక్కను కాదన్నవాడు ఆ భవనంలో మళ్ళీ తలెత్తుకు తిరగలేడు.

తూరికి ఇరవై రెండేళ్ళు. పొడుగ్గా, గడ్డం గీసుకోకుండా, చొక్కా తిరగేసి తొడుక్కొచ్చినట్టున్నాడు. ఎదుట మెలీనా. ఏడాది చిన్నది, ఎనిమిదో నంబరు. చేతిలో రంగురంగుల గీతలు గీసిన నోట్సు ఉంది.

“వెనేరక్కా, నువ్వు చెప్పు. ఇన్నేళ్ళుగా చూస్తున్నావు కదా,” అన్నాడు తూరి.

కిటికీ దగ్గర నిలబడ్డ వెనేరా స్పీనా తల తిప్పింది. ఆమెది తొమ్మిదో నంబరు. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, పొట్టి జుట్టు, మోకాళ్ళ దగ్గర వెలిసిన జీన్సు. ‘ఇన్నేళ్ళుగా’ అన్న మాట ఆమెకు పంటి కింద రాయిలా తగిలింది. పైకి మాత్రం మామూలుగానే చెప్పింది.

“ఎనిమిదింటికి పేర్లు పిలుస్తారు. పలికినవాళ్ళ పేరు ఉంటుంది, పలకనివాళ్ళది కొట్టేస్తారు. తూరి ఇక్కడే ఉన్నాడు కాబట్టి నాలుగో నంబరు వాడిదే. ఆ ముగ్గురూ ఎనిమిదికి లేకపోతే పోయినట్టే.”

“ఈ రూలు ఎవరు పెట్టారట?” అంది మెలీనా.

“నేనే. నువ్వప్పుడు ఎనిమిదో తరగతిలో ఉండుంటావు.”

అందరూ నవ్వారు. మెలీనా కూడా నవ్వింది. గొడవ అక్కడితో ఆగింది గాని, తూరి నోరు ఊరుకోలేదు.

“నీకు ఈ పరీక్ష ఎన్నోసారి అక్కా?”

“నాలుగోసారి.”

“మూడుసార్లు తప్పావా!”

“ఒక్కసారీ తప్పలేదు.”

తూరికి ఒక్క క్షణం పట్టింది అర్థం కావడానికి. “ఎంతెంత ఇస్తే కాదన్నావు?”

“ఇరవై రెండు. తర్వాత ఇరవై ఐదు. జూన్‌లో ఇరవై ఆరు.”

“ఇరవై ఆరా!” తూరి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. “నాకు ఇరవై ఆరిస్తే అగాతమ్మ పండక్కి నా ఎత్తు కొవ్వొత్తి భుజాన మోసుకుని ఊరంతా తిరుగుతాను. చెప్పుల్లేకుండా!”

వెనేరా మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. రెండు రోజులుగా ఊరి మీది అగ్నికొండ బూడిద ఊదుతోంది. ఆవరణలో ఆపి ఉంచిన కార్ల మీద నల్లటి ఇసుక పరుచుకుంది. కింద ఊడ్చేవాడు చీపురుతో దాన్ని కుప్ప చేస్తున్నాడు, గాలి మళ్ళీ చెదరగొడుతోంది. నడవాలో ఎవరు అడుగేసినా కరకరమంటోంది. ఆమె కాలు ఒకచోట నిలవలేదు. మెట్ల దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది. కాగితం మీద తన పేరు మళ్ళీ చూసుకుంది. తొమ్మిది అలాగే ఉంది.

ముప్పైకి పద్దెనిమిది వస్తే పరీక్ష గట్టెక్కినట్టు. కానీ ప్రొఫెసర్ చెప్పిన మార్కు విద్యార్థి ఒప్పుకుంటేనే ఖాయమవుతుంది. ‘వద్దండీ’ అని లేచి వచ్చేయొచ్చు. అప్పుడు ఆ మార్కు లేనట్టే. మళ్ళీ మొదటి నుంచీ చదివి, మళ్ళీ కాగితం మీద పేరు రాసి, మళ్ళీ కూర్చోవాలి. ఎక్కువ రావచ్చు, తక్కువ రావచ్చు, తప్పనూ వచ్చు.

వెనేరా మొదటిసారి ‘వద్దండీ’ అన్నది పంతొమ్మిదో ఏట. అది ఆమె మొదటి పరీక్ష, యాంత్రిక శాస్త్రం. ఇరవై మూడు ఇస్తామన్నారు. ఆమెకు ముందు కూర్చున్న అమ్మాయికి ముప్పై వచ్చింది. సొంతూరు అద్రానోలో స్కూల్లో ఉన్నప్పుడు వెనేరా తర్వాతే ఎవరైనా. ఇరవై మూడు అన్న మాట వినగానే చెవులు వేడెక్కి, ఆలోచించకుండానే నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళిన రైలు వాళ్ళ నాన్న నడుపుతున్నదే. కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు, రెండే పెట్టెలు. నాన్న నూన్సియో ఇరవై ఆరేళ్ళుగా దాన్నే నడుపుతున్నాడు. అద్రానో స్టేషన్లో దిగాక, టోపీ తీసి చంకలో పెట్టుకుంటూ అడిగాడు.

“ఇస్తానంటే వద్దన్నావా?”

“మళ్ళీ వెళితే ఇంకా ఎక్కువొస్తుంది నాన్నా.”

“నోటి దాకా వచ్చిన ముద్ద వద్దని, రేపు ఇంతకంటే పెద్ద ముద్ద పెడతారని ఎవరు చెప్పారు నీకు?”

కానీ రెండు నెలల తర్వాత మళ్ళీ వెళితే నిజంగానే ఇరవై తొమ్మిది వచ్చింది. అక్కడ ఆమె రుచి మరిగింది. తర్వాత ప్రతి పరీక్షలోనూ, ఇచ్చిన మార్కుకూ రాగల మార్కుకూ మధ్య ఉన్న ఖాళీయే కనిపించేది. విద్యుత్తు రెండుసార్లు వద్దంది. గణితం మూడుసార్లు. తొమ్మిదేళ్ళలో పద్నాలుగు ‘వద్దండీ’లు. మూడేళ్ళ చదువు తొమ్మిదేళ్ళకు సాగింది. ఇరవై పరీక్షల్లో పంతొమ్మిది పూర్తయ్యాయి, వాటిలో ఇరవై ఏడుకు తగ్గింది ఒక్కటీ లేదు. ఆ వరుస ఆమె ఎవరికీ చూపించేది కాదు. అప్పుడప్పుడు ఒంటరిగా ఉన్నప్పుడు తెరిచి చూసుకునేది.

ఇంటి గోడ పక్కన, ఆమె యూనివర్సిటీలో చేరిన ఏడాది అమ్మ సరీనా ఒక లారెల్ మొక్క నాటింది. పట్టా వచ్చిన రోజు పిల్లల తలకు ఆ ఆకుల దండే చుడతారు. అది ఇప్పుడు గోడ దాటి పెరిగింది. వీధిలో ఎవరి పిల్లలకు పట్టా వచ్చినా, “సరీనా, కొంచెం ఆకు కోసుకుంటాం” అంటూ వస్తారు. అమ్మ కత్తెర ఇచ్చేది. ఆ చెట్టు ఆకులు ఇప్పటికి పదకొండు తలల మీదికి వెళ్ళాయి.

ఎనిమిదింటికి పేర్లు పిలిచారు. తూరి స్నేహితుల్లో ఒక్కడే రొప్పుతూ వచ్చాడు, మిగిలిన ఇద్దరి పేర్లూ మెలీనా స్వయంగా కొట్టేసింది. అలా వెనేరా ఏడోదైంది. రెండు స్థానాలు ముందుకు జరిగినందుకు ఆమెకు సంతోషం కలగలేదు.

ఎనిమిదిన్నరకు ప్రొఫెసర్ స్కుదేరి వచ్చింది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, సన్నగా, బూడిద పడకుండా తలకు కట్టిన రుమాలు విప్పుకుంటూ. అక్టోబర్ చివరికి ఆవిడ పదవీ విరమణ. ఆవిడ పెట్టే ఆఖరి పరీక్ష ఇదే. వచ్చే వసంతంలో కొత్తాయన వస్తాడు. ఆయన పాఠాలు వేరు, పుస్తకం వేరు, ఎలా అడుగుతాడో ఎవరికీ తెలియదు.

ఆవిడ వెనకే కాగితాల కట్ట పట్టుకుని, పరీక్షల్లో ఆవిడకు సాయం చేసే రుజ్జేరో వచ్చాడు. వెనేరాను చూసి తల ఊపి లోపలికి వెళ్ళాడు.

మూడో విద్యార్థి లోపల ఉండగా, రుజ్జేరో కాఫీ మిషన్ దగ్గరకు వచ్చాడు. వెనేరా అప్పటికే అక్కడుంది. ఖాళీ కప్పును నలిపి, విప్పి, మళ్ళీ నలుపుతోంది.

“నిద్ర పోయావా?”

“పోయాను.”

“అబద్ధం.”

“నువ్వు నన్ను అడుగుతావా ఇవాళ?”

“మొదటి ప్రశ్న నాది. రెండోది మేడమ్‌ది. అందరికీ అంతే.” అతను చక్కెర కలుపుతూ గొంతు తగ్గించాడు. “వెనేరా, ఒక్క మాట. ఏమిచ్చినా తీసేసుకో.”

“నువ్వు నాకు చెబుతున్నావా?”

“నేను కాకపోతే ఎవరు చెబుతారు?”

అతనికి పదిహేడేళ్ళప్పుడు లెక్కల్లో వెనకబడితే, ఆమె గదికి వారానికి రెండుసార్లు వచ్చి చెప్పించుకునేవాడు. వేగం, త్వరణం తేడా ఆమే నేర్పింది, నీళ్ళ సీసాను బల్ల మీద దొర్లించి. తర్వాత అతనూ ఫిజిక్సులోనే చేరాడు. ఒక పరీక్షలో పంతొమ్మిది ఇస్తే తీసుకున్నాడు. ఆ రోజు సాయంత్రం ఆమె అతన్ని గ్రంథాలయం మెట్ల మీద నిలబెట్టి కోప్పడింది. “సిగ్గు లేదురా? పంతొమ్మిది జీవితాంతం నీ కాగితం మీద ఉంటుంది,” అంది. ఉంది. ఇప్పుడతను డాక్టరేట్ రెండో ఏడు. ఆ పంతొమ్మిది గురించి అతన్ని ఎవరూ అడగలేదు.

“రేపు పన్నెండింటికి మూసేస్తారు కదా?” అన్నాడు.

“తెలుసు.”

డిసెంబర్‌లో పట్టాలిచ్చే సభకు పేరు ఇవ్వడానికి రేపు మధ్యాహ్నం ఆఖరు. పేరు ఇవ్వాలంటే అన్ని పరీక్షల మార్కులూ నమోదై ఉండాలి. ఆమెకు మిగిలింది ఈ ఒక్కటి. రెండేళ్ళుగా ఆమె కొండ మీద పనిచేసే బృందంతో ఉంది. ఆకాశం నుంచి ఎడతెరిపి లేకుండా రాలే సూక్ష్మకణాలు కొండనూ దాటుకుని వస్తాయి. రాయి దట్టంగా ఉన్నచోట తక్కువ వస్తాయి, లోపల గుల్లగా ఉన్నచోట ఎక్కువ. వాటిని లెక్కపెట్టి కొండ కడుపులో ఏముందో బొమ్మ గీయాలి. ఆ లెక్కపెట్టే పలకలను వెనేరా తన చేతులతో అతికించింది. జీపు ఆగిపోయిన చోట నుంచి వాటిని భుజాన మోసుకెళ్ళింది. చలికి వేళ్ళు కొంకర్లు పోయేవి. అయినా అక్కడ మాత్రమే ఆమెకు కాలు నిలిచేది. పలకకు అటు నుంచి కణం వచ్చిందా, వచ్చింది, ఒకటి. రాలేదా, లేదు. ఇంతకంటే మంచి కణం రావాలని ఎదురుచూసే పని లేదు.

బృందం పెద్ద పోయిన వారం చెప్పాడు: “జనవరి నుంచి ఒక ఏడాది ఉద్యోగం వచ్చింది, పలకలు చూసుకునే మనిషి కోసం. డిసెంబర్‌లో చేతిలో పట్టా ఉంటే అది నీది. లేకపోతే ఇంకొకళ్ళది. నన్నడిగితే నాకు పట్టా అక్కర్లేదు. అడిగేది ఆఫీసు వాళ్ళ కాగితం.”

“వసంతంలో అయితే ముప్పై తెచ్చుకోగలనేమో,” అంది వెనేరా, కప్పును బుట్టలో పడేస్తూ.

“తెచ్చుకుంటావు. కొండ మీద నీ పలకలు ఇంకెవరో తుడుస్తుంటారు.” రుజ్జేరో కాఫీ పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమె మెట్లు దిగి ఆవరణలోకి వచ్చింది. ఊడ్చేవాడి నల్లటి కుప్పలు వరుసగా ఉన్నాయి. పక్క భవనంలో ఎవరికో పట్టా వచ్చినట్టుంది. తలకు ఆకుల దండ చుట్టుకున్న కుర్రవాడిని స్నేహితులు భుజాలకెత్తుకుని బూతుపాట పాడుతున్నారు. వాడి ముత్తవ్వ కాబోలు, కుర్చీలో కూర్చుని ఆ పాటకే చప్పట్లు కొడుతోంది. ఫోను మోగింది.

“ఎన్నో నంబరు?” అన్నాడు నాన్న. వెనక రైలు ఇంజను చప్పుడు.

“ఏడు. ఇప్పుడు నాలుగోవాడున్నాడు లోపల.”

“నేను చివరి స్టేషన్లో ఉన్నా. పన్నెండు నిమిషాలు ఆగుతుంది. తిన్నావా?”

“తిన్నా.”

“మీ అమ్మ అడగమంది. నేనడగలేదు. పట్టాల మీద కూడా ఇసుకే ఇవాళ, బ్రేకు పట్టడం లేదు. పది నిమిషాలు ఆలస్యంగా చేరాం.”

“మరి జనం తిట్టలేదా?”

“తిట్టారు. దిగారు, వెళ్ళిపోయారు. ఒకటి చెప్పనా వెనేరా. పది నిమిషాలు ఆలస్యమైందని, ‘ఉండండి, ఎవరూ దిగొద్దు, బండిని మళ్ళీ అద్రానో తీసుకెళ్ళి ఈసారి సరిగ్గా టైముకు తెస్తా’ అంటే వాళ్ళు నన్నేం చేసేవాళ్ళు?”

“నాన్నా, ఇది రైలు కాదు.”

“కాదులే. రైలయితే తొమ్మిదేళ్ళు నడపనిచ్చేవాళ్ళు కాదు.” నవ్వాడు. “సరే, సిగ్నల్ ఇచ్చారు. ఏమైనా సరే, నాకు ఫోన్ చేయకు, నడుపుతుంటాను. మీ అమ్మకు చెయ్యి.”

ఆమె పైకి వచ్చేసరికి తూరి బయటికొచ్చాడు. తలుపు మూయకుండానే గాల్లోకి ఎగిరాడు. “పంతొమ్మిది! పంతొమ్మిది!” కనబడ్డ ప్రతివాడినీ కౌగలించుకున్నాడు. ఉదయం తిట్టుకున్న మెలీనాను కూడా. “ఏమడిగారు?” అని మెలీనా అడుగుతుంటే, “నాకేం తెలుసు, ఏదో చెప్పాను,” అన్నాడు.

ఐదోవాడు, తూరి స్నేహితుడు, పది నిమిషాల్లో బయటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగిపోయాడు. తర్వాత మెలీనా వెళ్ళింది. పరీక్ష ఎవరైనా వినొచ్చు. లోపల గోడ వారగా కుర్చీలుంటాయి, తమ వంతు రానివాళ్ళు కూర్చుని ప్రశ్నలు రాసుకుంటారు. వెనేరా ఎప్పుడూ కూర్చోదు. వినలేదు. ఇంకొకరు తడబడుతుంటే సమాధానం తన నాలుక చివరకు వచ్చి, ఒళ్ళంతా జిల పుడుతుంది. అందుకని నడవాలో ఈ చివర నుంచి ఆ చివరకు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. నలభై రెండు అడుగులు. వెనక్కి నలభై ఒకటి. ఒక అడుగు ఎక్కడ పోతోందో చూద్దామని మళ్ళీ నడిచింది.

మెలీనా బయటికొచ్చింది. బుగ్గలు కందిపోయాయి, కళ్ళు మెరుస్తున్నాయి. ఎవరి వైపూ చూడకుండా నేరుగా వెనేరా దగ్గరకే వచ్చింది.

“ఇరవై నాలుగు ఇస్తామన్నారు అక్కా.”

“మంచిదే.”

“వద్దన్నాను!” ఆ గొంతులో ఉన్నది గర్వమో భయమో తనకే తెలియనట్టుంది. “వద్దండీ అన్నాను. కొత్తాయన దగ్గర కూర్చుంటా. నాకింకా ఎక్కువొస్తుంది కదా? నువ్వైనా అదే చేసేదానివి కదా అక్కా?”

వెనక తూరి పెద్దగా అన్నాడు: “పిచ్చి పట్టిందా నీకు? ఇరవై నాలుగు! నాకివ్వమని అడక్కపోయావా, పంతొమ్మిదితో కలిపి—”

“నువ్వూరుకో,” అంది మెలీనా. చూపు వెనేరా మీదే ఉంది.

వెనేరా నోరు తెరిచింది. చెప్పడానికి రెండు మాటలున్నాయి. ఒకటి తన నోటికి అలవాటైనది, ఇంకొకటి పొద్దుటి నుంచీ తన చెవిన పడుతున్నది. “నీళ్ళు తాగు,” అంది. సంచిలోంచి సీసా తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

“స్పీనా,” అని తలుపు దగ్గర రుజ్జేరో గొంతు. “వెనేరా స్పీనా, మీరు రండి.”

ఎనిమిదేళ్ళుగా ‘నువ్వు’ అన్న మనిషి ‘మీరు’ అన్నాడు. లోపల అంతే, అందరికీ. అయినా ఆమె గడప దాటుతూ ఒక్క క్షణం ఆగింది.

గోడ వారగా నలుగురు కూర్చున్నారు. వెనకే మెలీనా కూడా నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని వచ్చి కూర్చుంది. ప్రొఫెసర్ స్కుదేరి కళ్ళజోడు తుడుచుకుంటోంది. రుజ్జేరో కాగితం వైపు చూస్తూ అడిగాడు.

“హైడ్రోజన్ పరమాణువును విద్యుత్ క్షేత్రంలో పెట్టండి. రెండో శక్తి మెట్టు మీదున్న నాలుగు స్థితులకు ఏమవుతుంది?”

ఆమె సుద్దముక్క తీసుకుంది. ఇది నిద్రలో అడిగినా చెబుతుంది. నాలుగు స్థితులు రాసింది. నాలుగు వరుసలు, నాలుగు నిలువులు, పదహారు గళ్ళు గీసింది. పద్నాలుగు గళ్ళలో సున్నాలు వస్తాయి, రెండింటిలోనే విలువ ఉంటుంది. ఏ రెండో, ఎందుకో చెబుతూ నింపింది. గొంతు స్థిరంగా ఉంది. ప్రొఫెసర్ తల ఊపింది.

అప్పుడు వెనేరా ఒక అడుగు వెనక్కి వేసి బోర్డు చూసింది. స్థితులను తను రాసిన వరుస వల్ల ఆ రెండు విలువలూ ఎక్కడో దూరంగా, మూలల్లో పడ్డాయి. వరుస మార్చి రాస్తే రెండూ పక్కపక్కన, ఒకే మూలలో చక్కగా కూర్చుంటాయి. చూడగానే తెలిసిపోతుంది. ఆమె చెయ్యి తుడిచే గుడ్డ మీద పడింది.

“ఎందుకు?” అంది ప్రొఫెసర్. అప్పటికే సగం చెరిగిపోయింది.

“వరుస మారుస్తున్నాను మేడమ్. ఇంకా బాగుంటుంది.”

మళ్ళీ గీసింది. పదహారు గళ్ళు. సుద్ద విరిగింది. కొత్తది తీసుకుంది. వెనక ఎవరో పేజీ తిప్పారు. గడులు నింపుతుంటే ఏ స్థితిని ఎక్కడికి మార్చిందో ఒక్క క్షణం తప్పింది. విలువ పక్క గడిలో పడింది. అది గమనించకుండా ముందుకు సాగి లెక్క చేసింది, జవాబు కుదరలేదు. మెట్టు మూడుగా చీలాలి, నాలుగుగా చీలుతోంది. ఆమె బోర్డు వైపే చూస్తూ నిలబడింది.

“ఆ గడిలో ఏముండాలి?” అని రుజ్జేరో అడిగాడు. అతని గొంతులో ఏ రంగూ లేదు.

ఆమె చూసింది. “సున్నా,” అంది. సరిదిద్దింది. మళ్ళీ చేసింది. మూడుగా చీలింది. కానీ అప్పటికి ఇరవై ఐదు నిమిషాలయింది.

రెండో ప్రశ్న ప్రొఫెసర్‌ది, ఒకేలాంటి రెండు కణాలను తారుమారు చేస్తే ఏం మారుతుందని. చెప్పింది. తప్పులేదు, కానీ ప్రతి వాక్యం చివరా ఆగి, ఇంకోలా చెప్పాలా అని వెతుక్కుంటూ చెప్పింది.

“మీరు మొదటిసారి రాసింది తప్పనిపించిందా?” అంది ప్రొఫెసర్.

“లేదు మేడమ్. సరైనదే.”

“మరి?”

“చూడ్డానికి బాగాలేదు.”

“ఎవరు చూడ్డానికి?”

వెనేరా వేళ్ళకంటిన సుద్ద జీన్సుకు తుడుచుకుంది.

ప్రొఫెసర్ స్కుదేరి, రుజ్జేరో తలలు దగ్గర పెట్టి ఏదో గుసగుసలాడారు. అతను ఒకసారి తల అడ్డంగా ఊపాడు, ఆవిడ ఊపలేదు. తర్వాత ఆవిడ కంప్యూటర్ తన వైపు తిప్పుకుంది.

“ఇరవై నాలుగు.”

గోడ వారన కుర్చీ కిర్రుమంది.

“నాకు జూన్ గుర్తుందమ్మా,” అంది ప్రొఫెసర్. గొంతు కటువుగా లేదు. “ఇరవై ఆరు ఇస్తే మీరు లేచి వెళ్ళిపోయారు. అంతకు ముందు ఇరవై ఐదుకు. మీకు విషయం తెలుసు, అది నాకూ తెలుసు. అందుకని, ఇది నా ఆఖరి పరీక్ష కూడా కాబట్టి, ఒక పని చేయగలను. ఇంకో ప్రశ్న వేస్తాను. ఒకే ఒక్కటి, కష్టమైనది. చెబితే ఇరవై ఏడు రాస్తాను. చెప్పలేకపోతే ఇరవై నాలుగు కూడా ఉండదు. కొత్త ప్రొఫెసర్ దగ్గరకు వెళ్ళాల్సి ఉంటుంది. వేయమంటారా?”

రుజ్జేరో కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. తల ఎత్తలేదు.

ఇరవై ఏడు. వరుసలో ఒక్కటీ ఇరవై ఏడుకు తగ్గదు. బోర్డు మీద ఆమె చెరిపిన మొదటి గళ్ళు ఇంకా లీలగా కనిపిస్తున్నాయి, వాటి మీదే రెండోవి. కిటికీ అద్దం మీద బూడిద సన్నగా రాలుతోంది. మెలీనా కుర్చీ అంచుకు జరిగి, సీసాను రెండు చేతులతో పట్టుకుని చూస్తోంది.

“చెప్పండి,” అంది ప్రొఫెసర్.

“వద్దు మేడమ్,” అంది వెనేరా. “ఇరవై నాలుగే రాసేయండి.”